మిరియం వేసిన కుర్చీ

మా మిరియం కూర్చోవడం లేదని టీచరమ్మ ఫోన్ చేసినప్పుడు నేను వార్డులో ఒక పెద్దాయనకి బీపీ చూస్తున్నాను. కూర్చోవడం లేదంటే గదంతా గంతులేస్తోంది కాబోలు అనుకుని, "గట్టిగా నాలుగు మాటలనండి మేడమ్, దారికొస్తుంది," అన్నాను.

"అల్లరేం లేదమ్మా. ఒక్కచోటే ఉంటోంది. తన కుర్చీ పక్కన నిలబడి పాఠం వింటోంది. రాయమంటే బల్ల మీదికి వంగి రాస్తోంది కూడా. కూర్చోమంటే మాత్రం కూర్చోదు," అంది టీచరమ్మ.

"పొద్దున్నుంచా?"

"పొద్దున్నుంచే. డబ్బాలో అన్నం కూడా నిలబడే తింది."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్లలు స్కూల్లో ఏడుస్తారు, పారిపోతారు, ప్యాంటు తడుపుకుంటారు, పక్కవాణ్ణి కొరుకుతారు. వీటన్నిటికీ నా దగ్గర జవాబుంది. నిలబడే పిల్లకి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

మిరియం అంటే నా కూతురు. స్కూల్లో రాయించిన పేరు వేరే ఉంది. ముచ్చటపడి పెట్టుకున్నదే, కానీ ఇంట్లో ఎవరి నోటా రాదు. చూడ్డానికి ఇంతే ఉంటుంది, కొరికితే తెలుస్తుంది అని మా మరిది పెట్టిన పేరే నిలిచిపోయింది. ఈ ఏడు ఒకటో తరగతిలోకి వచ్చింది. సెలవులంతా ఒకటో తరగతి, ఒకటో తరగతి అని మా చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరింది. కొత్త సంచి భుజాన వేసుకునే అన్నం తినేది, తీయమంటే ఒప్పుకునేది కాదు.

మొదటి రోజు పొద్దున నేనే దిగబెట్టాను. గది బాగుంది. పోయినేడు చిన్న తరగతిలో చాపల మీద కూర్చోబెట్టేవారు. ఇక్కడ ఒక్కొక్కరికి ఒక్కో పసుపురంగు కుర్చీ, దాని ముందు చిన్న బల్ల. టీచరమ్మ గుమ్మంలో నిలబడి, "పిల్లలు కూర్చున్నాక మీరు వెళ్ళిపోవచ్చండీ," అని పెద్దవాళ్ళందరికీ వినబడేలా చెప్పింది. పిల్లలు కూర్చున్నారు. కొందరు ముక్కులు ఎగబీలుస్తూ కూర్చున్నారు. మిరియం తన కుర్చీ పక్కన నిలబడి నావైపు చూసింది. నేను చెయ్యి ఊపాను. అదీ ఊపింది. ఇంకేముంది, బంగారుతల్లి, అనుకుని నేను బస్సు కోసం పరుగెత్తాను.

ఇక్కడ మా ఇల్లు నడిచే తీరు కొంచెం చెప్పాలి. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఎక్కడ ఏ లిఫ్టు మొరాయించినా ఫోన్ రాగానే సంచి పట్టుకుని బయల్దేరాలి. మా అత్తగారు బ్రెడ్డు ఫ్యాక్టరీలో తెల్లవారుజాము షిఫ్టులో ప్యాకింగు చేస్తారు. ఆవిడ ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా వేడి బ్రెడ్డు వాసన వస్తుంది. మరిది పెట్రోలు బంకులో సాయంత్రం షిఫ్టు. నాకేమో రోజుకో రకం డ్యూటీ. ఈ నలుగురం కలిసి ఆ ఒక్క పిల్లని పెంచుతున్నాం. కలిసి అని నోటితో అనడమే.

ఆసుపత్రిలో ఒక పద్ధతుంది. పొద్దుటి సిస్టర్ వెళ్ళాలంటే మధ్యాహ్నం సిస్టర్ రావాలి. ఇద్దరూ ప్రతి మంచం దగ్గరా ఆగి, ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరికి తగ్గింది, ఎవరు తిన్నారు, ఎవరు తిన్నట్టు నటించారు, అన్నీ అప్పజెప్పుకోవాలి. అది పూర్తయ్యేదాకా మొదటామె కదలకూడదు. నేను కాపురానికొచ్చి, మిరియం పుట్టాక, ఇదే పద్ధతిని ఇంట్లో పెట్టాను. మొదట్లో మా ఆయన నవ్వాడు. అత్తగారు మూతి ముడిచారు. తర్వాత ఇద్దరూ నాకంటే బాగా నేర్చుకున్నారు.

మా వంటింటి బల్ల దగ్గర రెండు కుర్చీలకే చోటుంది. ఒకటి మిరియంది. రెండోది డ్యూటీ కుర్చీ. ఇంట్లో ఇంకో రెండు కుర్చీలు ఉన్నాయి గానీ, ఒకదాని మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు, ఇంకోదాని మీద మా ఆయన పనిముట్ల సంచి ఎప్పుడూ కొలువుతీరి ఉంటాయి. బయటినుంచి ఒకరు వస్తూనే డ్యూటీ కుర్చీలో ఉన్నవాళ్ళు లేస్తారు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పుతుంటే వెళ్ళేవాళ్ళు వేసుకుంటారు. ఆ గుమ్మంలోనే అప్పజెప్పడం.

"పాలు తాగింది. గుడ్డు సగం వదిలేసింది. మోకాలు గీరుకుంటే మందు రాశాను. ఊరికే ఏడిస్తే ఎత్తుకోకు, అలవాటైపోతుంది."

అవతలివాళ్ళు తలూపి లోపలికి వస్తారు, కుర్చీ చల్లారకముందే కూర్చుంటారు. మా పిల్లని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదల్లేదని వార్డులో నేను గొప్పలు పోయేదాన్ని.

అలాంటి ఇంట్లో ఈ నిలబడే జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియక నలుగురం తలలు పట్టుకున్నాం. పట్టుకున్నది ఒక్కచోట కూర్చుని కాదు, మాకు అంత తీరిక ఎక్కడిది? గుమ్మంలో ఒకరు, ఫోన్లో ఒకరు, బస్సులోంచి ఒకరు. తలా ఒక మాట.

మా ఆయన కుర్చీనే అనుమానించాడు. మర్నాడు పిల్లని దిగబెట్టడానికి స్పానరు పట్టుకుని వెళ్ళాడు. పసుపు కుర్చీని తలకిందులు చేసి నాలుగు కాళ్ళ మరలూ బిగించి, మేకు గుచ్చుకుంటోందేమోనని అరచేత్తో తడిమి, చివరికి తనే దానిమీద కూర్చుని చూశాడట. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చిందని టీచరమ్మ ఫోన్లో నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "కుర్చీలో లోపం లేదు," అని ఆయన నాకు అప్పజెప్పాడు. పిల్ల మాత్రం ఆ రోజూ నిలబడే ఉంది.

అత్తగారు, "ప్లాస్టిక్ కుర్చీ పొద్దున్నే ఎంత చల్లగా ఉంటుందో మీకేం తెలుసు?" అని పాత దుప్పటి ముక్కతో మెత్త కుట్టి పంపారు. మిరియం ఆ మెత్తని కుర్చీలో పెట్టి, దాని పక్కన నిలబడింది. మా మరిది చాక్లెట్లు ఆశపెట్టాడు. కూర్చుంటే రెండు, సాయంత్రందాకా కూర్చుంటే ఐదు. "నాకొద్దు బాబాయ్, నువ్వే తిను," అందట. వాడు తిన్నాడు.

నేను నర్సుని కదా, నా బుద్ధి నాది. పిల్ల కూర్చోలేకపోతోందంటే కూర్చునే చోటే ఏదో అయ్యుంటుంది. ఒళ్ళంతా చూశాను. సెగగడ్డ లేదు, దద్దుర్లు లేవు. అయినా నా మనసు ఒప్పక నులిపురుగుల మందు వేశాను. అది గుటుక్కున మింగి, "ఇది తాగితే ఏమవుతుంది?" అంది.

"కూర్చోవాలనిపిస్తుంది."

"ఇప్పుడు కూర్చునే ఉన్నాగా," అంది, తన కుర్చీలోంచి నన్ను వింతగా చూస్తూ.

అదీ నిజమే. ఇంట్లో కూర్చుంటుంది. బస్సులో కూర్చుంటుంది. నానమ్మ ఒళ్ళో దిగనంటే దిగనని కూర్చుంటుంది. ఒకటో తరగతి పసుపు కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బెల్లం కొట్టిన రాయిలా నిలబడుతుంది.

వారం మధ్యలో టీచరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో నవ్వు లేదు. "పెద్దమేడమ్ చూశారమ్మా. కాళ్ళు వాచేలా నిలబడుతోంది, ఒకటో తరగతికి పిల్ల ఇంకా సిద్ధంగా లేదేమో అంటున్నారు. శుక్రవారం ఇంటివాళ్ళ పూట ఉందిగా, ఆ రోజుకి కూడా కూర్చోకపోతే ఈ ఏడాదికి మళ్ళీ చిన్న తరగతికే పంపిద్దామన్నారు. అక్కడ చాపల మీద బానే కూర్చునేదిట."

నేను ఒంటికాలి మీద లేచాను. "చదవగలదు, రాయగలదు, కూడికలు చెయ్యగలదు. కూర్చోవడం రాదని వెనక్కి పంపుతారా? ఇదెక్కడి చోద్యమండీ!"

"నేను పంపుతాననలేదమ్మా. నాకూ ఇష్టం లేదు. మీరే ఏదో ఒకటి కనుక్కోండి," అందావిడ. ఆవిడ మెత్తగా మాట్లాడేసరికి నా కోపం ఎటు పోవాలో తెలియక నా గొంతులోనే ఉండిపోయింది.

సెలవులంతా సంచి భుజాన్నుంచి దించని పిల్ల. దాన్ని వెనక్కి పంపితే అది ఏమైపోతుందో నేను ఊహించలేకపోయాను. మర్నాడు స్కూలు ఒంటిపూటే. మధ్యాహ్నం వంటింట్లో దాని ఎదురుగా కూర్చుని, గొంతు వీలైనంత తగ్గించి అడిగాను. తగ్గించినా నా గొంతు పక్కింటికి వినబడుతుందనుకోండి, అది వేరే సంగతి.

"నిజం చెప్పు. ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదు."

"టీచరంటే భయమా?"

"టీచర్ మంచిది."

"కాళ్ళు నొప్పి పుట్టట్లేదా?"

"పుడుతున్నాయి." బ్రెడ్డు ముక్క అంచులు తుంచి పక్కన పెడుతోంది. "అమ్మా, నేను కూర్చున్నాననుకో..."

"ఊఁ, కూర్చుంటే?"

"కూర్చుంటే మరి..."

తలుపు చప్పుడైంది. మా మరిది. నాకు ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. నేను లేచాను. "అన్నం తింది, పెరుగు వద్దంది, ఇప్పుడు బ్రెడ్డు తింటోంది. స్కూలు గురించి ఏదో చెప్పబోతోంది, కనుక్కో," అని చెప్పులు వేసుకుంటూనే అప్పజెప్పాను. వాడు నా కుర్చీలో కూర్చున్నాడు. దారిలో ఉండగానే ఫోన్ చేసి, "ఏమందయ్యా?" అని అడిగితే, "ఏం అనలేదు వదినా. నువ్వడిగితేనే చెప్తుందట," అన్నాడు. ఆ రాత్రి నేను ఇంటికొచ్చేసరికి అది నిద్రపోయింది.

శుక్రవారం వచ్చింది. ఇంటివాళ్ళ పూట అంటే ఆ స్కూల్లో ఏటా మొదటి వారం చివర జరిగేదే. ఇంట్లో వీలైనవాళ్ళంతా వచ్చి ఆ పూట పిల్లలతోపాటు తరగతిలో కూర్చోవాలి. ఇంకో చిన్న నియమం కూడా ఉంది. తమవాళ్ళకి కుర్చీలు పిల్లలే వెయ్యాలి. గది మూల ఒకదానిమీద ఒకటి పేర్చిన బుల్లికుర్చీలు ఉంటాయి. ఒక్కో పిల్ల వెళ్ళి తనకి ఎన్ని కావాలో అన్ని ఈడ్చుకొచ్చి తన బల్ల చుట్టూ వేసుకుంటుంది.

మేం పెద్ద ఏర్పాటే చేసుకున్నాం. అత్తగారు ఫ్యాక్టరీ నుంచి నేరుగా వస్తారు. మరిది నిద్ర మానుకుని వస్తాడు. నాకు మళ్ళీ మధ్యాహ్నం డ్యూటీయే కాబట్టి మొదట నేను కూర్చుంటాను. మా ఆయన పని చూసుకుని వచ్చి నన్ను పంపించి, నా కుర్చీలో కూర్చుంటాడు. మూడు కుర్చీలు చాలు. ఈ సంగతి మిరియంకి పొద్దున్నే విడమరిచి చెప్పాను. అది బుద్ధిగా తలూపింది.

అది నాలుగు వేసింది.

మొదట ఎవరం పట్టించుకోలేదు. ఒక కుర్చీలో నేను, ఒకదానిలో అత్తగారు, ఒకదానిలో మరిది ఒదిగాం. ఒదగడమంటే ఏమిటో ఆ కుర్చీల్లో కూర్చుంటే తెలుస్తుంది, మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. నాలుగోది నా పక్కన ఖాళీగా ఉంది. మిరియం కుర్చీ, మెత్తతో సహా, అదీ ఖాళీగానే ఉంది. అది వాటి మధ్య నిలబడి గుమ్మం వైపు చూస్తోంది. గది నిండా పిల్లలు కూర్చుని ఉన్నారు. మూల నుంచి టీచరమ్మ నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

"ఒక కుర్చీ ఎక్కువ తెచ్చావ్, వెళ్ళి పెట్టేసి రా," అన్నాను.

"ఎక్కువ కాదు."

"మరి ఎవరికే?"

"వచ్చేవాళ్ళకి."

"ఎవరొస్తున్నారు?"

"తెలీదు. ఎవరొస్తే వాళ్ళకి," అంది.

అత్తగారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. అప్పటికే ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "అమ్మాయ్, మీ మామగారికి వేసిందే. ఫొటోలో రోజూ చూస్తుందిగా. ఆయనుంటే మొదటి వరసలో కూర్చునేవారు," అని ముక్కు చీదుకున్నారు.

"ఛ ఊరుకోమ్మా," అన్నాడు మరిది. "నాకు సంబంధం చూస్తున్నారని విన్నదిగా, పిన్నికి వేసుంటుంది." అని తనే సిగ్గుపడ్డాడు.

నేను మాత్రం పిల్లనే చూస్తున్నాను. నాలుగు రోజులుగా నిలబడుతున్న పిల్ల, ఇవాళ ఎవరో తెలియనివాళ్ళకి కుర్చీ వేసింది. పిల్లకి ఏదో అవుతోంది, నేను నర్సునై ఉండి కూడా పసిగట్టలేకపోయాను అనిపించింది. భయం వేసింది. నాకు భయం వేస్తే అది కోపంగానే బయటికి వస్తుంది, ఏం చెయ్యను.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి ఆలస్యంగా వచ్చాడు. టై కట్టుకున్నాడు, చెమటలు కక్కుతున్నాడు. వాళ్ళబ్బాయి ఒక్క కుర్చీయే వేశాడు, దానిలో వాళ్ళావిడ ఉంది. మూల కుర్చీలన్నీ అయిపోయాయి. ఆయన అటూ ఇటూ చూసి, "ఇది ఖాళీయే కదండీ?" అని మా నాలుగో కుర్చీ మీద చెయ్యి వేశాడు.

మిరియం రెండు చేతులా దాన్ని పట్టుకుంది.

"ఇవ్వమ్మా, తప్పు," అన్నాను. ఇవ్వలేదు. "ఇవ్వవే, అందరూ చూస్తున్నారు," అన్నాను. పట్టిన పట్టు విడవలేదు. ఆయన మంచివాడే, చెయ్యి తీసేశాడు గానీ, "ఎవరూ లేరు కదా పాపా, వాళ్ళొచ్చాక నేను లేస్తాను," అన్నాడు.

ఆ మాట వినగానే మిరియం మొహం మారిపోయింది. "లేవకూడదు!" అని కేక పెట్టింది. గదంతా మావైపు తిరిగింది.

నా ఓపిక అయిపోయింది. "ఏం మొండితనమే ఇది? నువ్వు కూర్చోవు, ఇంకొకళ్ళని కూర్చోనివ్వవు!" అని అందరి ముందూ కసిరాను. పిల్ల కుర్చీని ఒంటికి హత్తుకుంది. "చిన్నపిల్లండీ, పోనీండి," అని ఆయన అంటే, "మా పిల్ల సంగతి మాకు తెలుసు, మీరు నిలబడండి!" అని ఆయన మీదా పడ్డాను. నేను ఆయన పక్షమే మాట్లాడుతున్నానని నాకు తర్వాత గుర్తొచ్చింది. పాపం ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

పాటలు మొదలయ్యాయి. తర్వాత టీచరమ్మ ఏదో కథ చెప్పింది. నాకు ఒక్క మాట ఎక్కలేదు. గోడ గడియారం నా డ్యూటీ వేళ దగ్గరికి వస్తోంది. ఇంకాసేపట్లో నేను వెళ్ళిపోతాను, పిల్ల నిలబడే ఉంటుంది, సోమవారం నుంచి చాపల మీద. నేను చేసేది ఏమీ లేదు, ఏం చెయ్యాలో తెలిస్తే కదా.

గుమ్మంలో మా ఆయన కనిపించాడు. చేతులకి గ్రీజు, చంకలో సంచి. ఎవరినో లిఫ్టులోంచి బయటికి తీసి పరుగున వచ్చినట్టున్నాడు. నేను అలవాటు కొద్దీ లేచాను. మోకాళ్ళు పట్టేసినా లేచాను. ఆయనకి ఎదురు వెళ్తూనే అందుకున్నాను. "పాలు తాగింది, ఇంకా కూర్చోలేదు, కుర్చీ కోసం గొడవ చేసింది, అత్తయ్య ఏడ్చారు. నేను వెళ్తున్నా, మీరు నా కుర్చీలో..."

వెనకనుంచి నా చెయ్యి ఎవరో లాగారు. మిరియం. దాని బలమంతా పెట్టి నన్ను వెనక్కి తీసుకెళ్ళి, నా కుర్చీ దగ్గర ఆపి, నడుం దగ్గర రెండు చేతులూ వేసి కిందికి తోసింది. నేను కూలబడ్డాను. వెళ్ళి వాళ్ళ నాన్న గ్రీజు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నాలుగో కుర్చీ చూపించింది.

"నువ్విక్కడ," అంది ఆయనతో. తర్వాత నావైపు తిరిగింది. "అమ్మా, నువ్వు లేవక్కర్లేదు. ఇంకో కుర్చీ వేశాగా."

నేను నాలుగో కుర్చీనీ నా కుర్చీనీ మార్చి మార్చి చూశాను.

"వచ్చినవాళ్ళకి కుర్చీ లేకపోతేనే కదా ఉన్నవాళ్ళు వెళ్ళిపోయేది," అంది, ఇంత చిన్న విషయం మాకెందుకు తెలియదన్నట్టు.

మా ఆయన మెల్లగా కూర్చున్నాడు. సంచి కింద పెట్టాడు. నేను అడిగాను. "అందుకేనా నువ్వు కూర్చోనిది?"

"టీచర్ చెప్పారుగా, నేను కూర్చుంటే నువ్వు వెళ్ళిపోతావని. నేను కూర్చోలేదనుకో, నువ్వు ఇంకా పూర్తిగా వెళ్ళనట్టే కదా."

పూర్తిగా వెళ్ళనట్టు. వార్డులో నా తర్వాత డ్యూటీ ఆమె వచ్చి కూర్చునేదాకా నేను గేటు దగ్గరికి వెళ్ళినా వెళ్ళినట్టు కాదు. ఈ మాట నేనే వంటింట్లో ఫోన్లో ఎన్నిసార్లు ఎవరెవరితో అన్నానో. అది బ్రెడ్డు అంచులు తుంచుకుంటూ వింది. ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదల్లేదని గొప్పలు పోయాను కదా. నా పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ చూసింది లేచి వెళ్ళేవాళ్ళనే.

మేం నలుగురం ఆ బల్ల చుట్టూ కూర్చున్నాం. ఇలా కూర్చోవడం ఎప్పుడైనా జరిగిందా అని ఆలోచించాను, గుర్తు రాలేదు. తమాషా ఏమిటంటే, ఏం మాట్లాడుకోవాలో ఎవరికీ తెలియలేదు. అప్పజెప్పడానికి ఏమీ లేకపోతే మాకు ఒకరితో ఒకరికి మాటలే లేవు. అత్తగారు మా ఆయన చేతులకేసి చూశారు. మరిది పైకప్పు చూశాడు. మా ఆయన మిరియం కుర్చీ చూపించి, "ఈ కుర్చీ మరలు నేనే బిగించాను," అన్నాడు. ఎందుకో అందరం తలూపాం.

నా ఫోన్ మోగింది. వార్డు నుంచి పొద్దుటి సిస్టర్.

"ఎక్కడున్నావ్? నా టైమ్ అయిపోయింది."

"కూర్చున్నాను," అన్నాను.

"కూర్చున్నావా? ఎక్కడ? బస్సులోనా?"

"లేదు. ఊరికే కూర్చున్నాను."

"ఒంట్లో బావుందా నీకు?"

"బావుంది. ఇంకొంచెంసేపు ఉండగలవా? పిల్ల స్కూల్లో ఉన్నాను."

నిట్టూర్చింది. "సరే కూర్చో. మరీ ఆలస్యం చెయ్యకు, నాకోసం మా వాడు ఎదురుచూస్తుంటాడు," అంది. వాళ్ళ వాడూ మిరియం ఈడువాడే. ఆ సంగతి నాకు ముందే తెలుసు, అయినా ఆ రోజే విన్నట్టు అనిపించింది.

మిరియం మా చుట్టూ ఒకసారి తిరిగింది. నాలుగు కుర్చీలూ నిండాయో లేదో ఒక్కొక్కరి భుజం ముట్టుకుని చూసుకుంది. తర్వాత నేరుగా టీచరమ్మ దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడింది. నా గొంతే, నా ధోరణే.

"టీచర్, మా అమ్మ పొద్దున్నుంచి ఏం తినలేదు, టీ ఒక్కటే తాగింది. కాళ్ళు నొప్పి పుడతాయి గానీ చెప్పదు. నాన్న చేతులు కడుక్కోలేదు. నానమ్మ ఏడ్చింది, ఇప్పుడు తగ్గింది. బాబాయ్ నిద్రపోలేదు, జేబులో చాక్లెట్లున్నాయి. నేను అక్కడ కూర్చుంటున్నా, వీళ్ళని మీరు చూసుకోండి. ఊరికే ఏడిస్తే ఎత్తుకోకండి, అలవాటైపోతుంది."

గదిలో ఎవరో నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. "అలాగేనమ్మా, నేను చూసుకుంటాను," అని తలూపింది, వార్డులో మేం ఊపినట్టే.

మిరియం తన బల్ల దగ్గరికి వచ్చింది. నానమ్మ కుట్టిన మెత్తని రెండు చేతులా సర్ది, కుర్చీ ముందుకు లాక్కుని, కూర్చుంది. కాళ్ళు నేలకి అందక ఊగుతున్నాయి. వారమంతా మేం నలుగురం ఎదురుచూసింది ఇందుకే. గోడకి ఆనుకున్న టై ఆయన కూడా ఊపిరి వదలడం నాకు వినబడింది.

అది పెన్సిల్ తీసుకుని, నావైపు చూసి, "అమ్మా, నువ్విక వెళ్ళొచ్చు," అంది.

వార్డులో నాకోసం ఒకామె నిలబడి ఉంది. బస్సు వచ్చే వేళయింది. నేను లేవాలి. ఎంత లేవాలనుకున్నా నాకు కాళ్ళు రాలేదు.